నిప్పు చూడని ఇటుక

గేటు దగ్గర ఎవరో ఆడమనిషి నిలబడి బూడిద కావాలంటోందని సెక్యూరిటీ అతను ఫోన్ చేస్తే, అంట్లు తోముకోడానికేమో అనుకున్నాను. "ఓ గుప్పెడిచ్చి పంపించవయ్యా" అన్నాను.

"గుప్పెడు కాదండి మేడమ్, లారీ కావాలంటంది" అన్నాడు.

కుర్చీలోంచి లేచి గేటుకేసి నడిచాను. నడిచానని మర్యాదకి అంటున్నాను గానీ, పరిగెత్తాను. నాకు మొదట్నుంచీ అదో జబ్బు. ఒకచోట కుదురుగా కూర్చోలేను. రాజమండ్రిలో మా అమ్మ "దీని కాళ్ళకి చక్రాలున్నాయమ్మా" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకునేది. ఉద్యోగంలో చేరాక కూడా ఆ చక్రాలు ఊడలేదు.

తొంభైల నాటి మాట ఇది. విశాఖపట్నంలో ఒక పెద్ద ఫ్యాక్టరీకి సొంత కరెంటు స్టేషనుండేది. అందులో నేను కెమిస్టుని. ఏ ఫ్యాక్టరీ అని అడక్కండి, పింఛను తింటున్నదాన్ని, చెప్పను. బొగ్గు మండగా మిగిలిన బూడిదని నీళ్ళలో కలిపి గొట్టాల ద్వారా దూరంగా ఓ చెరువులోకి తోసేవాళ్ళం. ఎండాకాలం ఆ చెరువు ఆరిపోయి గాలి లేచిందంటే చుట్టుపక్కల ఊళ్ళలో ఆరేసిన బట్టలు, మూత పెట్టని కూరగిన్నెలు, ఉయ్యాల్లో పసిపిల్లల కనురెప్పలు, అన్నీ ఒకటే రంగు. ఎవరడిగినా ఆ బూడిద ఊరికే ఇచ్చేయమని పైనుంచి ఆర్డరొచ్చింది. అడిగిన నాథుడు లేడు. ఆ పని ఎవరికీ అక్కర్లేదు కాబట్టి నాకు అంటగట్టారు. వెనకాల నన్ను "విభూతి మేడమ్" అనేవారు. నాకు వినబడదనుకునేవారు పాపం.

గేటు దగ్గరున్నావిడకి నా వయసే ఉంటుంది. కాళ్ళకి బురద, చేతిలో గొడుగు. నన్ను చూడగానే ఉపోద్ఘాతం ఏమీ లేకుండా మొదలెట్టేసింది.

"బూడిద ఊరికే ఇత్తారంట గదా మేడమ్‌గోరూ? మీ సెరువుగట్టు మీద పన్జేసే కూలోళ్ళు సెప్పినారు. దాంతోటి ఇటికిలవుతాయంట. నిజమేనేటి?"

"అవుతాయి. ఎవరు చేస్తారు, మీరా?"

"మా ఇంటాయనకి బట్టీ ఉంది."

"మరి ఆయన రాలేదే?"

"నానొచ్చినట్టు ఆయనకి తెలీదు" అంది, అదేదో సామాన్యమైన విషయమన్నట్టు.

కూర్మన్నపాలెం దాటి లోపలికెళ్తే వాళ్ళ ఊరు. వ్యవసాయం చేసుకునే మనుషులు. ఫ్యాక్టరీలొచ్చాయి, క్వార్టర్లొచ్చాయి, కాలనీలొచ్చాయి, అందరికీ ఎర్ర ఇటుక కావాల్సొచ్చింది. వాళ్ళాయన బట్టీ పెట్టాడు. ఇటుకకి మట్టి కావాలి కదా, తన పొలమే తవ్వడం మొదలెట్టాడు. ఒక మడి అయిపోతే ఇంకో మడి. పైనున్న మంచి మట్టంతా ఎవరెవరి గోడలుగానో లేచిపోయింది. మిగిలినవి గోతులు. నుయ్యి పక్కనున్న మడి ఒక్కటే ఇంకా మడిలా ఉంది.

"ఈ పంట కోసీగానే దాన్నీ తవ్వేత్తానంటన్నాడు. ఆ మడి కూడా పోతే నాను గుమ్మంలో కూకుని ఏటి సూడాలి మేడమ్‌గోరూ? గొయ్యి సూడాలా?"

అప్పటికప్పుడు నేను చేయగలిగింది ఏమీ లేదు, అయినా లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టి టీ ఇప్పించాను. నా మాటలు వింటున్న మీరంతా ఇప్పుడు పర్యావరణం చదువుకుని ఉద్యోగాల్లోకి వస్తున్నారు, నేల సారం గురించి నాకంటే మీకే ఎక్కువ తెలుసు. నాకు మాత్రం ఆవిడ చెప్పేదాకా అది పుస్తకంలో ఓ పాఠం, అంతే.

బూడిద ఇటుక కొత్త సంగతేమీ కాదు. ల్యాబులో మేం చేసి చూసినదే. మా దగ్గర బూడిద గుట్టలు. వెల్డింగు గ్యాసు తయారుచేసే ఫ్యాక్టరీ వెనకాల తడి సున్నం గుట్టలు. ఎరువుల ఫ్యాక్టరీ దగ్గర జిప్సం గుట్టలు. ఎవరి గుట్ట వాళ్ళకి తలనొప్పి. ఈ మూడు తలనొప్పుల్నీ కలిపి, క్రషర్ల దగ్గర మిగిలే రాతిపొడి వేసి మిషన్లో నొక్కితే ఇటుక. దానికి మట్టి వద్దు, కట్టెలొద్దు, బొగ్గొద్దు, పొగ రాదు. తడుపుతూ ఉంటే చాలు, వారాల మీద గట్టిపడుతుంది. దానికి నీళ్ళే నిప్పు.

మా బాస్ కృష్ణా జిల్లా పెద్దాయన, నన్ను కూతుర్ని పిలిచినట్టే పిలిచేవాడు. "అమ్మాయ్, మనం కరెంటు చేసేవాళ్ళం. ఇటుకలు చెయ్యడానికి దేవుడు వేరేవాళ్ళని పుట్టించాడు" అన్నాడు. నేను ఆయన టేబులు చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. "కూర్చోవే తల్లీ, నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అని చివరికి లారీలకి సంతకం పెట్టాడు. "పెంటైతే మాత్రం నాకు సంబంధం లేదు" అని కూడా అన్నాడు.

బట్టీ ఆసామిని ఒప్పించడం దానికి పదింతలు కష్టమైంది. ఎండకి కాలిన మనిషి, గొంతు పెద్దది, మనసులో ఏముంటే అది మొహం మీద. నేను పట్టుకెళ్ళిన బూడిద రంగు ఇటుకని అటూ ఇటూ తిప్పాడు. తన ఎర్ర ఇటుకలు రెండు తీసి ఒకదానికొకటి కొట్టాడు. ఖంగుమంది. తర్వాత నా ఇటుకని కొట్టాడు. ధబ్బుమంది.

"ఇన్నారా మేడమ్‌గోరూ? ఇది మాటాడదు" అన్నాడు. "అయినా నిప్పు సూడనిది ఇటికెలగవుద్దండీ? పచ్చికుండలో నీళ్ళోత్తారేటి ఎవులైనా?"

"ఇది కుండ కాదయ్యా. దీని సంగతి వేరు."

"మా అయ్య బట్టీ ముట్టించినప్పుడు కొబ్బరికాయ కొట్టేవోడు. నానూ కొడతన్నాను. దీనికెక్కడ కొట్టాలండి? నీళ్ళ కుళాయి కాడా?"

ఆవిడ అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతోంది. తలెత్తకుండానే అంది: "కుళాయి కాడే కొట్టు మావా. కాయ కాయే గదా."

నవ్వొచ్చింది అతనికి. ఆ నవ్వులోనే ఒప్పుకున్నాడు, కానీ గట్టి షరతు పెట్టాడు. "మడి కోతకొచ్చీదాకా సూత్తాను. ఈలోపు మీ బూడిదిటికి అమ్ముడుపోతే మడి జోలికెల్లను. నేదంటే కోతవగానే మట్టి కూలోళ్ళని దింపేత్తాను. అప్పుడు నువ్వు గానీ మేడమ్‌గోరు గానీ అడ్డు మాటాడకూడదు" అన్నాడు. ఆవిడ నావంక చూసింది. నేను సరేనన్నాను. నాది కాని మడి మీద పందేనికి నేను సరేనన్నాను, చూడండి.

చేత్తో నొక్కే మిషను తెచ్చాం. ఇటుకలు తయారయ్యాయి. పొద్దునా సాయంత్రం వాటిని తడిపే పని ఆవిడ తీసుకుంది. గోనెసంచులు కప్పి, బిందెలతో మోసి పోసి పోసి ఆవిడ అరచేతులు నానిపోయి ముడతలు పడిపోయాయి. ఆదివారమైతే చాలు నేను బస్సెక్కి అక్కడ వాలిపోయేదాన్ని. మా ఆయన "ఆ ఇటుకలకే వండిపెట్టు పోనీ" అని దెప్పేవాడు.

కొనేవాళ్ళేరి? కూర్మన్నపాలెం చుట్టుపక్కల ఇళ్ళు కట్టుకునే ఉద్యోగస్తులు వచ్చేవారు, చూసేవారు, గోరుతో గీకేవారు, రెండు కొట్టి చెవి దగ్గర పెట్టుకునేవారు, వెళ్ళిపోయేవారు. ఒకాయనైతే మా గోదావరి మనిషే, నన్ను పక్కకి పిలిచాడు. "గట్టిగానే ఉన్నట్టుందండీ, కాదన్ను. కానీ గృహప్రవేశానికొచ్చిన చుట్టాలు చూస్తే, డబ్బుల్లేక బూడిదతో కట్టుకున్నాడనుకుంటారండీ బాబూ" అన్నాడు. ఆయన వెంటొచ్చిన ముసలావిడ ఇంకో మాటంది. కాటి బూడిద రంగులో ఉంది, దీంట్లో పిల్లలెలా తిరుగుతారని. నాకు ఒళ్ళు మండిపోయింది.

వానాకాలం గడిచింది. మడిలో వరి పొట్టకొచ్చింది. అది చూసి సంతోషించాల్సింది పోయి, పొట్టకొచ్చిన వరిని చూస్తే నాకు దడ పుట్టేది. కంకులు వంగేకొద్దీ గడువు దగ్గర పడుతోంది. ల్యాబులో గాజుసామాను రెండుసార్లు బద్దలుకొట్టాను. మా బాస్ "నీకు సెలవిస్తాను, పోయి పడుకో" అన్నాడు. పడుకుంటే నిద్రొస్తేగా!

అలాంటి సమయంలో ఓ రోజు బట్టీ ఆసామి మా ఆఫీసుకే వచ్చాడు, మొహం వెలిగిపోతోంది. చేతిసంచిలోంచి ఇటుక తీసి బల్ల మీద పెట్టాడు. లేత ఎరుపు. ఇంకోటి తీసి కొట్టాడు. ఖంగుమంది.

"మాటాడతంది సూడండి!" అన్నాడు.

"రంగెలా వచ్చింది?"

"ఎర్రమట్టి కలిపినాను కొంచెం. మీరు సెప్పిందాన్లోనే" అన్నాడు.

మట్టి కొంచెం కలిస్తే కొంపలేం మునగవు. మనుషుల కంటికి నచ్చేలా చేసుకున్నాడు, మనకంటే వీడే నయం అనుకున్నాను. ఆ వారంలోనే బేరం కూడా కుదిరింది. ఫిషింగ్ హార్బర్లో ఐసు ఫ్యాక్టరీ ఉన్న ఒకాయన కొత్తగా స్టోర్‌రూమ్ కడుతున్నాడు. అతను బోలెడన్ని ఎర్రవి పట్టుకెళ్ళాడు. మేస్త్రీకి నేనే వెళ్ళి చెప్పాను, మట్టి ఇటుకల్లా తొట్టిలో నానబెట్టొద్దు, పైన నీళ్ళు చిలకరిస్తే చాలని. గోడలు లేచాయి. ఆ ఆదివారం ఆవిడ మడిగట్టు మీద కూర్చుని నాకు తేగలు పెట్టింది. "ఈ ఏడికి గండం గడిసినట్టేనా మేడమ్‌గోరూ?" అని అడిగింది. గడిచినట్టే అన్నాను.

తర్వాత బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది. మన విశాఖపట్నం వాళ్ళకి కార్తీకమాసం అంటే దీపాలూ వాయుగుండాలే కదా. ముసురు వదల్లేదు. సముద్రం గోడలు దాటి రోడ్డు మీదకొచ్చి పోయేది. బోట్లన్నీ జెట్టీలకి కట్టేసుకున్నాయి. వాన వెలిసిన పొద్దున్న ఐసు ఫ్యాక్టరీ ఆయన దగ్గర్నుంచి ఫోను.

"ఒకసారి రండి మేడమ్‌గోరూ. మా గోడకి నెలలు నిండినట్టున్నాయి."

ఆ మనిషికి ఎకసెక్కం ఎక్కువ, ఏదో అంటున్నాడులే అనుకుంటూ వెళ్ళాను. నిజంగానే గోడ పొట్ట ముందుకొచ్చింది. ఇటుకల మొహాలు పువ్వుల్లా విచ్చుకుని, తెల్లగా పొడి రాలుతోంది. ఒక ఇటుకని వేలితో నొక్కితే మూల విరిగి చేతిలోకొచ్చింది. చేపలబుట్టలు దించుకుంటున్న ఆడవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. మేస్త్రీ మాత్రం అందరికీ వినబడేలా, "ఈ మేడమ్‌గోరే సెప్పినారండి, నానబెట్టొద్దని" అన్నాడు.

మా ల్యాబులో నెలల తరబడి నీళ్ళలో ఉంచిన ఇటుకలున్నాయి, ఒక్కటి ఇలా కాలేదు. సామాన్ల మధ్య ఎవరూ వాడని ఎర్ర ఇటుక ఒకటి పొడిగా దొరికితే పగలగొట్టి, ముక్కని బకెట్లో నీళ్ళలో వేశాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత బుసబుసమని బుడగలు. నీళ్ళు వేడెక్కాయి. ముక్క పగిలి తెల్లటి ముద్దయిపోయింది. పండక్కి ఇళ్ళకి వెల్ల వెయ్యడానికి డ్రమ్ములో సున్నపురాళ్ళు పోసి నీళ్ళు పోస్తే ఉడికినట్టు ఉడికింది.

అప్పుడర్థమైంది. ఎర్రమట్టీ లేదు, పాడూ లేదు. ఈ ఇటుక నిప్పులోకెళ్ళొచ్చింది.

"మీ గోడ నేను కట్టిస్తాను" అని ఐసు ఫ్యాక్టరీ ఆయనకి చెప్పి, ఎలా కట్టిస్తానో నాకే తెలీకుండా, బస్సుల మీద బస్సులు మారి ఊళ్ళోకెళ్ళి పడ్డాను. మళ్ళీ తుంపర మొదలైంది. బట్టీ ఆసామి అరుగు మీద చుట్ట కాలుస్తున్నాడు. నమస్కారం కూడా చెయ్యనివ్వలేదు.

"ఎక్కడ కాల్చావయ్యా?"

అతను చుట్ట తీసేశాడు. అబద్ధం చెప్పగలిగిన మొహం కాదని ముందే చెప్పాను కదా. "మా బావ బట్టీలో" అన్నాడు.

"సున్నం ఉందయ్యా దాంట్లో! సున్నాన్ని తీసుకెళ్ళి మళ్ళీ కాలుస్తావా? తడి తగిలేసరికి గోడంతా ఉడికిపోయింది!"

లోపల్నుంచి ఆవిడ వచ్చింది. ముందు అర్థం కాలేదు ఆవిడకి. అర్థమయ్యాక మొగుణ్ణి చూసి, తన అరచేతులు ముందుకి చాపింది. "ఇవి సూడు. నీళ్ళోసి పోసి నా సేతులిలగైపోనాయి. నువ్వెల్లి నిప్పులో పెడతావా? నాకో మాట సెప్పొద్దా?"

"ఏటి సెప్పమంటావే?" అతనూ గట్టిగా అరిచాడు. "పచ్చిటిక అమ్మితే నోకం నన్నేటంటాది? రేపెవుడింటి గోడో కూలి పిల్లలు పోతే ఆ పాపమెవులికి? మా అయ్య కాలకుండా ఒక్క ఇటిక బయటికి పంపనేదు. నా సేత్తో నాను పంపలేకపోనాను. మంచికే సేసినాను. ఎర్రగొచ్చినాది, మోగినాది. నాకేటి తెలుసు!"

ఆ మనిషి మోసం చెయ్యలేదు. ఎక్కడో ఎవరి పిల్లల మీదో గోడ పడుతుందని భయపడ్డాడు. ఆ భయంతోనే గోడని పడిపోయేలా చేశాడు. ఇలాంటి తప్పు మా ఇంజనీర్లెవరూ చెయ్యరు, పుట్టి బుద్ధెరిగి బట్టీ సెగ దగ్గర పెరిగినవాడే చేస్తాడు.

"ఇంక సాలు మేడమ్‌గోరూ" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "ఆ గోడకి నాను ఎర్రిటికి ఇచ్చుకోవాలి. దానికి మట్టి కావాలి. కోతవగానే కూలోళ్ళొత్తారు. మాటంటే మాటే." ఆవిడతో కూడా చెప్పేశాడు, ఈ ఏడు మడిలో ఇంకేమీ జల్లొద్దు, కోత కొయ్యగానే తవ్వకమేనని. ఆవిడ తడిసిన మడికేసి చూస్తూ లోపలికెళ్ళిపోయింది. అది చూసి నాకింకా భయమేసింది.

మర్నాడు ఆవిడ తడిపిన బూడిద రంగు ఇటుకలు సంచీలో వేసుకుని హార్బరుకెళ్ళాను. ఐసు ఫ్యాక్టరీ ఆయన ముందే కాల్చినదాన్నీ కాల్చనిదాన్నీ రెండు బకెట్లలో వేసి చూపించాను. ఒకటి ఉడికింది, ఒకటి కదల్లేదు. అతను నా మాట వినలేదు గానీ బకెట్ని నమ్మాడు. అయినా వ్యాపారస్తుడు కదా, అంత తేలిగ్గా ఎలా ఒప్పుకుంటాడు!

"బకెట్లో నీళ్ళేం సేత్తాయి మేడమ్‌గోరూ? మా తొట్టి ఉంది సూడండి" అని ఐసు దిమ్మలు గడ్డకట్టించే ఉప్పునీళ్ళ తొట్టి చూపించాడు. "ఇది ఇనుమునే తినేత్తాది. మీ ఇటికిల్ని దీన్లో పడేత్తాను. పుష్యమాసం దాకా ఉండనీండి. అప్పుడు తీసి సూత్తాను. బాగుంటే నా గోడకే కాదు, ఈ హార్బర్లో నలుగురికీ నానే సెప్తాను. నేదంటే మీరూ నానూ ఎవులో ఎవులో."

న్యాయంగానే ఉంది. కానీ పుష్యమాసం దాకా మడి ఆగదే! వరి అప్పటికే పండింది. కోతకీ ఆ తొట్టిలోంచి ఇటుక పైకి రావడానికీ మధ్య బోలెడు ఎడముంది. ఆ ఎడంలో పారలు దిగిపోతాయి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి మీకో మాట చెప్పనివ్వండి. ఇప్పుడు మీ సభల్లో నగరం, స్థానిక వ్యాపారాలు, హరిత ఆర్థిక వ్యవస్థ అని చక్కటి బొమ్మలు తెరమీద వేస్తారు. ఒకరి చెత్త ఇంకొకరికి సరుకు, బాణం గుర్తులు గుండ్రంగా తిరుగుతాయి. తప్పేం లేదు, మేం చేసిందీ అదే. కానీ కొత్త పని ఏదైనా నిలబడేలోపు ఒక ఖాళీ ఉంటుంది. పాతది ఆగిపోయి ఉంటుంది, కొత్తది నమ్మకం సంపాదించి ఉండదు. ఆ ఖాళీలో ఇంటికి బియ్యం ఎవరు తెస్తారు, పరువు పోతే ఎవరిది పోతుంది, అది మీ బొమ్మలో ఎక్కడా ఉండదు. మా ఫైళ్ళలోనూ లేదు. నాకు నెలనెలా జీతం వచ్చేది. ఇటుక విరిగినా వచ్చేది.

ఆ తొట్టిలో ఇటుకల సంగతి ముందే చెప్పేస్తాను, మీరు కంగారు పడొద్దు. పుష్యంలో పైకి తీస్తే చెక్కుచెదరలేదు. ఐసు ఫ్యాక్టరీ ఆయన వాటిని తన టేబులు మీద పెట్టుకుని వచ్చినవాడికల్లా చూపించాడు. గోడ మళ్ళీ లేచింది, ఈసారి బూడిద రంగులో. తర్వాత ఏళ్ళలో తుపాన్లొచ్చిపోయాయి, నేను రిటైరయ్యేనాటికి కూడా ఆ గోడ ఉంది. రెండువేల సంవత్సరం దాటాక విశాఖపట్నంలో సగం మేడలు ఆ రంగు ఇటుకలతోనే లేచాయి. గృహప్రవేశాలకి చుట్టాలూ వచ్చారు, భోజనాలూ చేశారు, ఎవరూ ఏమీ అనలేదు. కానీ కోతలయ్యే నాటికి ఇవేవీ మాకు తెలీవు.

కూలీలొస్తున్నారని తెలిసిన రోజున సెలవు పెట్టాను. మా బాస్ "వెళ్ళి ఏం చేస్తావమ్మాయ్?" అన్నాడు. నాకూ తెలీదు. చేతిలో ఏమీ లేదు, చెప్పడానికి కొత్త మాట కూడా లేదు. ఆఫీసులో కూర్చుంటే మాత్రం పిచ్చెక్కేలా ఉంది. బస్సు దిగి ఆ మట్టిరోడ్డు మీద ఎంత వేగంగా నడిచానంటే, చెప్పు తెగితే దాన్ని చేత్తో పట్టుకుని నడిచాను.

మడిగట్టు మీద కూలీలు వరసగా కూర్చున్నారు, పక్కన పారలు, తట్టలు. ఒరిస్సా సరిహద్దు ఊళ్ళనుంచి ఏటా వచ్చేవాళ్ళు. ఎవరూ పనిలోకి దిగలేదు. బట్టీ ఆసామి గట్టు చివర నిలబడి ఊగిపోతున్నాడు. ఆవిడ నుయ్యి దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది.

ఏమైందో నాకు ముందు తెలీలేదు. వరి కోసేశారు, పనలు ఎత్తేశారు, మిగిలినవి మోళ్ళు. మడి ఖాళీ అనుకున్నాను. దగ్గరికెళ్ళి వంగి చూస్తే ఆ మోళ్ళ మధ్యన సన్నగా, రెండేసి ఆకులతో, మడి ఈ చివర నుంచి ఆ చివర దాకా మొలకలు. మినుములు.

అక్కడి రైతులందరూ చేసే పనే అది. వరి ఇంకా నిలబడి ఉండగానే, నేల తడి ఆరకముందే మినుములు జల్లేస్తారు. కొడవలి పైనుంచి పోతుంది, కింద మొలక ఉండిపోతుంది. ఆ వాయుగుండం వాన మా గోడని పాడుచేసింది కదా, అదే వాన ఈ మడికి తడినిచ్చింది. వద్దన్నా వినకుండా, కోతకి ముందే, ఎవరూ లేనప్పుడు ఆవిడ జల్లేసింది.

"జల్లొద్దన్నాను గదే!" అతను అరుస్తున్నాడు.

"అన్నావు. నానూ సరే అనుకున్నాను" అంది ఆవిడ. "తడి సూసినాక సెయ్యాగనేదు."

"ఇప్పుడేటి సెయ్యమంటావు? ఈలందరూ ఊరికే ఎల్లిపోవాలా?"

"నానేటీ సెయ్యమన్నేదు. నువ్వే సెయ్యి. మొలిసిన సేను మీద పారెయ్యమను. మొదటి పార నువ్వే ఎయ్యి మావా, నాను సూత్తాను."

అతను కూలీల పెద్దవైపు తిరిగాడు. ఆయన తలపాగా విప్పి మొహం తుడుచుకుని, "మొలక మీద మేం పారెయ్యం బావూ. మా ఊళ్ళో కూడా ఎయ్యరు" అన్నాడు. అతనికి రోషం పొడుచుకొచ్చింది. ఆయన పక్కనున్న పార లాక్కున్నాడు. నేను "వద్దయ్యా" అన్నాను. ఆవిడ కదల్లేదు. కళ్ళల్లో మాత్రం నీళ్ళు తిరిగాయి.

గట్టు దిగేముందు అతను చెప్పులు విప్పాడు. మడిలోకి చెప్పులతో దిగడు కదా రైతు. ఒక అడుగు వేశాడు. రెండో అడుగు వేసేముందు కిందకి చూసుకుని, కాలు పక్కకి జరిపి మొలకలు లేని చోట పెట్టాడు. అలా వెతుక్కుంటూ, వెతుక్కుంటూ, మడి నడిమధ్యకి వెళ్ళాడు. నిలబడ్డాడు. పార ఎత్తడానికి రెండు చేతులూ బిగించాడు.

ఎంతసేపు నిలబడ్డాడో నాకు తెలీదు. తర్వాత పారని మెల్లగా, మోళ్ళ మీద ఆనేలా పక్కన పడుకోబెట్టాడు. వంగాడు. కాలి దగ్గరున్న తుంగమొక్క ఒకటి వేళ్ళతో సహా పీకి, మట్టి దులిపి గట్టుమీదకి విసిరాడు. ఇంకోటి పీకాడు. లేవకుండానే, వెనక్కి తిరగకుండానే, పెళ్ళాం మీద కేకేశాడు.

"ఇంత ఒత్తుగా జల్లుతారేటే ఎవులైనా? పలసన సెయ్యాల. నిలబడి సూత్తావేటి, దిగు!"

ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుని, కుచ్చెళ్ళు ఎగదోపుకుని మడిలోకి దిగింది.